బాణం చూపించని తలుపు

ఆమె గదిలోకి వచ్చిన తీరులోనే సగం కథ ఉంది. శాలువాతో ముఖం కప్పుకుని, మెట్ల మీద ఎవరైనా వస్తున్నారేమోనని వెనక్కి చూసి, తలుపు తనే మూసి, గడియ పెట్టి, అప్పుడు కూర్చుంది. అదీ కుర్చీ అంచు మీదే. శాలువా భుజం మీద తడి మరక ఒకటుంది. అదేమిటో బల్ల వెనక నుంచి చూస్తున్న కోడలికి అర్థమైంది. ఎవరో ఉమ్మారు.

"లోపల కుళాయి ఉంది, కడుక్కోండమ్మా" అంది కోడలు.

"కడుక్కునే బయల్దేరానమ్మా. ఇది మీ వీధి మలుపులో పడింది."

ఇక్కడ ఈ అత్తాకోడళ్ళ సంగతి కాస్త చెప్పాలి. లోకంలో అత్తలు కోడళ్ళ మీద నిఘా పెడతారు. ఈ అత్తగారు కోడలిని వెంటేసుకుని లోకం మీద నిఘా పెట్టింది. తాళంచెవులు చేసే దుకాణం పైన ఒక గది, ఒక బల్ల, మూడు కుర్చీలు, బయట 'ప్రైవేటు డిటెక్టివ్' అని బోర్డు. మనిషి చిన్నది, కళ్ళజోడు పెద్దది, నాలుక కత్తిపీట. దేనికీ జంకని ఆవిడకు పాలంటే మాత్రం చచ్చేంత అసహ్యం. చిన్నతనంలో గ్లాసులో మీగడ తేలుతుంటే చూసి కక్కుకుందట. ఇప్పటికీ పాల వాసన తగిలితే ముక్కు పట్టుకుని వీధి దాటుతుంది. అలాంటి ఆవిడ దగ్గరికే వచ్చింది పాల కేసు.

వచ్చినామె చిన్నపిల్లల బడిలో వంటామె. నాలుగు రోజులుగా ఊరందరి ఫోన్లలోనూ ఆమె ముఖమే, పిల్లల పాలల్లో ఉమ్మిందని ఒక వీడియో.

"నువ్వు ఉమ్మావా?" అంది అత్తగారు, మొహమాటం లేకుండా.

"ఉమ్మాను. సింకులో." అంది వంటామె. "గరిటెతో కాసిన్ని పాలు నోట్లో వేసుకున్నా, రుచి చూద్దామని. ముక్కిన వాసన. నాలుక మీద ఏదో కదిలిందమ్మా. పాలపొడిలో పురుగులు! సింకులో ఉమ్మేసి, గంగాళం మొత్తం పారబోశా. స్టోరు ఆయనకు చెబితే, 'ఇంకో బస్తా విప్పుకో, రభస చెయ్యకు' అని పురుగుల బస్తా పట్టుకుపోయాడు. కొత్త పొడి కలిపి, కాచి, పిల్లలకు పోశా. జరిగింది ఇదే. ఎవరు నమ్ముతారు? వాళ్ళ వీడియోలో నా నోటిని చూపించే బాణం ఉంది. నా దగ్గర నోరొక్కటే ఉంది."

"ఇప్పుడేమంటున్నారు?"

"సాయంత్రం కమిటీ మీటింగు. పెద్ద తెర మీద ఆ వీడియో వేసి, అందరి ఎదుటా నన్ను తీసేసి, పోలీసులకు అప్పగిస్తారట. నా పనిదేముందమ్మా, నాలుగిళ్ళలో అంట్లు తోముకునైనా బతుకుతా. నా కూతురు ఆ బళ్ళోనే చదువుతోంది. నిన్న దాని బెంచీ మీద ఒక్కరూ కూర్చోలేదు. 'ఉమ్ముదాని కూతురు' అన్నారట." ఆమె అక్కడితో ఆగి, శాలువా అంచుతో కళ్ళు వత్తుకుంది. "దాని బెంచీ దానికి ఇప్పించండి, చాలు."

అత్తగారు కోడలి వైపు చూసింది. కోడలు ఫోను తీసింది. ఆ వీడియో ఆమెకూ వచ్చే ఉంది, ముగ్గురు బంధువుల దగ్గర్నుంచి.

వంటగది. పొయ్యి మీద గంగాళం. దాని మీదికి వంగిన వంటామె. ఆమె వెనక విశాలమైన తెల్ల గోడ. ఆమె పక్కన గట్టు మీద బోర్లించిన స్టీలు గ్లాసుల గుట్ట. ఎడమ వైపు, తలుపు ఉండాల్సిన చోట, మొదటి నుంచీ ఒక పసుపు పెట్టె, అందులో ఎర్రటి అక్షరాలు: 'మీ పిల్లల పాలు చూడండి!' వంటామె మూతి ముందుకు సాగింది. అక్కడ బొమ్మ ఠక్కున ఆగిపోయింది. పక్కనుంచి ఎర్రటి వంకర బాణం ఎగురుకుంటూ వచ్చి, మూడుసార్లు గెంతి, ఆమె పెదాల దగ్గర నిలిచింది. బాణం తోక దగ్గర ఇంకో రాత: 'ఉమ్ము!' తర్వాత బొమ్మ కదిలింది. పసుపు పెట్టె మాయమైంది. వెనకాల తలుపు బోసిగా ఉంది. వంటామె వరసగా పేర్చిన గ్లాసుల్లో పాలు పోస్తోంది. అంతే.

"ఛీ!" అంది కోడలు. అనేశాక నాలుక కరుచుకుంది.

"చూశావటే అమ్మాయ్?" అంది అత్తగారు. "ఇప్పుడే ఈవిడ నోటితో జరిగింది విన్నావు. మనిషి నీ ఎదురుగా కూర్చుని ఏడుస్తోంది. అయినా ఛీ అన్నావు. బాణానికి అంత బలం. కళ్ళకు ముకుతాడు వేసి లాక్కుపోతుంది." ఆవిడ బొటనవేలు తెర మీద పెట్టి బాణాన్ని మూసేసింది. "ఇప్పుడు మళ్ళీ వెయ్యి. బాణం చూపించింది కాదు, చూపించనిది చూడు."

అలా నాలుగైదుసార్లు చూశారు. పసుపు పెట్టె కింది మూల దాటి, నేల మీద ఏదో నల్లటిది నిలబడి ఉంది. సన్నటి కర్ర, కింద బొటనవేలంత లావు గుండ్రటి మొన.

"తలుపు దగ్గర మాపు పెడతావా?" అత్తగారు అడిగింది.

"వంటగదిలోకి మాపు రానిస్తానా అమ్మా! అది బయట బాత్రూముల దగ్గరుంటుంది."

"మంచిది. నువ్వు ఇంటికి పోయి ముఖం కడుక్కో. సాయంత్రం శాలువా లేకుండా రా."

*

బడి గేటు ముందు తల్లులు గుంపులుగా నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు, అందరి ముఖాల్లోనూ అదో రకం వెలుగు. అసహ్యించుకోవడంలో కూడా జనానికి ఒక రుచి ఉంటుంది. పుండు గోక్కుంటే ఉండే హాయి లాంటిది. ఒకావిడ తన బిడ్డ వాంతుల రంగు కూడా వర్ణించి చెబుతోంది.

"ఎప్పుడు మొదలయ్యాయమ్మా వాంతులు?" అంది అత్తగారు సానుభూతిగా.

"ఆ వీడియోకి ముందు వారం నుంచే! వారమంతా ఉమ్ముతూనే ఉండుంటుంది, మహాతల్లి. కెమెరాకి ఒక్కరోజే దొరికింది."

అత్తగారు తలూపి లోపలికి నడిచింది.

స్టోరు ఆయన బక్కపల్చని మనిషి. పురుగుల బస్తా అనగానే నుదుటన చెమట పట్టింది.

"పురుగులా? నా స్టోర్లోనా? నేను ఏ బస్తానూ తీసుకుపోలేదు."

"తీసుకుపోయావని నేనింకా అనలేదుగా నాయనా" అంది అత్తగారు.

గుమ్మడికాయల దొంగ సామెత కోడలి నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆయన భుజాలు తడుముకోవడం లేదు గానీ, చేతులు మాత్రం ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

కమిటీ కార్యదర్శి వరండాలోనే ఎదురయ్యాడు. ఒక చేతిలో పొడుగాటి గొడుగు, రెండో చేత్తో ముక్కుకు రుమాలు. "ఆ మనిషి పేరెత్తితేనే వాంతికొస్తోందండీ. మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. పెద్ద తెర, వీడియో షాపతను, అన్నీ ఏర్పాటు చేశా. ఊరంతా చూడాలి!" అంటూ గొడుగు మొనతో నేల మీద టకటక కొట్టాడు. కోడలు ఆ మొన వైపు చూసి, అత్తగారి మోచేయి గిల్లింది. ఆవిడ పట్టించుకోలేదు.

పెద్ద టీచరమ్మ గది చల్లగా, శుభ్రంగా ఉంది. గోడ మీద కెమెరా బొమ్మలు చూపే తెర ఒకటుంది. ఆమె మెత్తటి మనిషి, మెత్తటి మాట. తుంటి నొప్పి వల్ల చేతికర్ర పట్టుకుని లేచి, ఇద్దరికీ కుర్చీలు చూపించింది.

"ఆమె చెడ్డది కాదండీ. ఏదో బుద్ధి గడ్డి తిని ఉంటుంది. రాజీనామా రాసిచ్చి నెమ్మదిగా వెళ్ళిపొమ్మని నేనే చెప్పాను. పోలీసులు, గొడవలు ఎందుకు? తన కూతురి భవిష్యత్తు కూడా చూసుకోవాలి కదా, పాపం."

"ఆ పూట మీరు వంటగది వైపు వెళ్ళారా?"

"లేదమ్మా. ఈ కాలితో అంతదూరం ఎక్కడ? వీడియో వచ్చాకే తెలిసింది."

"అసలు రికార్డింగు చూడొచ్చా?"

"అయ్యో, పాతవి వాటంతటవే చెరిగిపోతాయి. పాలు తాగుతారా? మా తమ్ముడి బేకరీ నుంచి తాజా బిస్కెట్లు కూడా ఉన్నాయి."

పాలు అనగానే అత్తగారి ముఖం మాడిపోయింది. వద్దని చెయ్యి ఊపి బయటపడింది.

"అత్తయ్యా, ఆ గొడుగు..." అంది కోడలు మెట్లు దిగుతూ.

"గొడుగు మొన సూదిలా ఉంది. నువ్వు ఫోన్లో చూసింది సూదా?"

కోడలు ఫోను తీసి ఆ గుండ్రటి మొన మళ్ళీ చూసింది.

"నువ్విప్పుడు వీడియో షాపుకు పో. మా చంటిదాని పుట్టినరోజు వీడియో చేయించాలని చెప్పు. పొగుడు. పనివాణ్ణి పొగిడితే పని రహస్యం చెబుతాడు."

"మనకు చంటిది లేదుగా అత్తయ్యా."

"ఆ సంగతి నాకూ గుర్తుంది. ఆ సంగతి తర్వాత. ముందు పో."

*

వీడియో షాపతను పొగడ్తకు వెన్నలా కరిగిపోయాడు. బడి ఆటల పోటీల వీడియో తీసి కోడలికి చూపించాడు. పిల్లలు పరుగెత్తుతున్నారు. గీత దాటే క్షణంలో బొమ్మ ఆగింది. పక్కనుంచి ఎర్రటి వంకర బాణం ఎగురుకుంటూ వచ్చి, మూడుసార్లు గెంతి, ముందున్న పిల్ల నెత్తి మీద నిలిచింది: 'మొదటి బహుమతి!' ఆ తర్వాత బొమ్మ కదిలింది.

కోడలు ఆ బాణాన్ని గుర్తుపట్టింది. చిన్నపిల్ల నెత్తి మీద నవ్వుతూ గెంతిన బాణమే, ఒక తల్లి పెదాల దగ్గరా గెంతింది. ఒకే గరిటెతో పాయసాన్నీ పేడనీ వడ్డించినట్టు.

"ఆ బాణం నేనే తయారుచేసుకున్నానండీ, నా దగ్గర తప్ప దొరకదు" అన్నాడతను. "దీనికో పద్ధతుంది. ముందు బొమ్మ ఆపాలి. తర్వాత బాణం, ఆ తర్వాత రాత. బొమ్మ ఆగకముందే రాత వస్తే కన్ను చెదురుతుంది. రాత ఎప్పుడూ ఖాళీ గోడ మీదో, ఆకాశం మీదో పెట్టాలి. మనిషినీ తలుపునీ మూయకూడదు."

"పేరు తప్పు పడితే ఎలాగండీ?"

"ఏం భయం లేదు. రాత బొమ్మలో కలిసిపోదు. ఫోటో మీద గాజు పలక పెట్టి, ఆ పలక మీద రాసినట్టు. పలక తీసేస్తే కింద బొమ్మ చెక్కు చెదరదు. అందుకే చేసిన పనులన్నీ విప్పదీసే వీలుగా ఇందులో దాచుకుంటా." అతను తన ల్యాప్‌టాప్ మీద ప్రేమగా తట్టాడు.

కోడలు వచ్చి ఇదంతా చెబితే, అత్తగారు మొదటిసారి నవ్వింది. అది సంతోషం నవ్వు కాదు. చెప్పు కింద ఏదో నలిగితే, అదేమిటో తెలిసినవాళ్ళు నవ్వే నవ్వు.

*

సాయంత్రం బడి హాలు కిటకిటలాడింది. ముందు వరసలో కార్యదర్శి, పెద్ద టీచరమ్మ, స్టోరు ఆయన. తెర పక్కన ల్యాప్‌టాప్‌తో వీడియో షాపతను. వంటామె శాలువా లేకుండా వచ్చి గోడ వారగా నిలబడింది. ఆమె చుట్టూ నాలుగు కుర్చీలు ఖాళీ. కూతురు ఆమె చెయ్యి పట్టుకుని ఉంది.

వీడియో వేశారు. బాణం గెంతింది. హాలంతా ఒక్క గొంతుతో "ఛీ!" అంది. ఆ పిల్ల తల దించుకుంది.

"ఇంకోసారి వెయ్యి బాబూ" అంటూ అత్తగారు తెర ముందుకొచ్చింది. "ఈసారి అందరూ బాణాన్ని వదిలేసి గట్టు మీద గ్లాసులు చూడండి. ఆపు! ఎలా ఉన్నాయి?"

"బోర్లించి ఉన్నాయి" అన్నారెవరో.

"ఇప్పుడు కదిలించు. ఎలా ఉన్నాయి?"

అందరి చూపూ గట్టు మీదికి పోయింది. గ్లాసులు నిటారుగా, వరసలు కట్టి, పాల కోసం ఎదురుచూస్తున్నాయి.

"ఉమ్మిన వెంటనే పాలు పోసిందని కదా మీరనుకున్నది? బడి పిల్లలందరి గ్లాసులు ఆ కాస్తలో ఎవరు తిరగేశారు? గాలా? బొమ్మ ఆగింది బాణం చూపించడానికి కాదు. మీరు బాణం వైపు గుడ్లప్పగించి చూస్తుంటే, ఆ చాటున మధ్యలో జరిగిందంతా కోసి పారేశారు. జేబు కత్తిరించేవాడు ముందు మీ భుజం తడతాడు చూడండి, అదీ ఇది. సింకులో ఉమ్మడం, గంగాళం పారబొయ్యడం, కొత్త పాలు కాచడం, అన్నీ ఆ కోతలో పోయాయి."

హాలు గుసగుసలాడింది. కార్యదర్శి రుమాలు ముక్కు మీంచి కాస్త కిందికి దిగింది.

"ఇక రాత. వీడియోబాబూ, బొమ్మ ఆగకముందే రాత రాకూడదని, తలుపుల మీద పెట్టకూడదని నా కోడలికి పాఠం చెప్పావట. వెనక అంత తెల్ల గోడ బోసిగా ఉంటే, ఈ పెట్టె మొదటి నుంచీ తలుపు మీదే ఎందుకు కూర్చుంది?"

అతను పెదవులు తడుపుకున్నాడు. "అది నా వీడియో కాదండీ..."

"మూడు గెంతుల బాణం నీ దగ్గర తప్ప దొరకదన్నావుగా! నీ బాణం నిన్నే చూపిస్తోంది. పాత పనులన్నీ అందులోనే ఉన్నాయని కూడా చెప్పావు. ఆ పసుపు పలక తియ్యి."

అతను ముందు వరస వైపు బిక్కచూపు చూశాడు. "కస్టమరు ఎక్కడ కొయ్యమంటే అక్కడ కోస్తాం, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాం. మాకేం తెలుస్తుందండీ?"

"కసాయివాడు కూడా ఏం కోస్తున్నాడో చూసి కోస్తాడురా. నువ్వు మొత్తం చూసి మరీ కోశావు. తియ్యి!"

అతని వేళ్ళు కదిలాయి. తెర మీద బాణం పోయింది. 'ఉమ్ము' పోయింది. చివరికి పసుపు పెట్టె పోయింది.

తలుపు తెరుచుకుని ఉంది. గుమ్మంలో పెద్ద టీచరమ్మ. నేల మీద ఆనిన చేతికర్ర, దాని కింద లావుపాటి నల్ల రబ్బరు మొన. ఆమె కళ్ళు వంటామె వీపు మీద ఉన్నాయి. ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం లేదు. సంతలో గొడ్డు ఎంత తూగుతుందో చూసే చూపు.

"ఈ కాలితో అంతదూరం ఎక్కడ, అన్నారు" అంది అత్తగారు.

హాల్లో తలలన్నీ ముందు వరస వైపు తిరిగాయి. అప్పుడు స్టోరు ఆయన లేచాడు, ఏడుపు గొంతుతో. "నేను చెప్పేస్తానండీ. మంచి బస్తాలు వెనక గేటు నుంచి టీచరమ్మ తమ్ముడి బేకరీకి పోతాయి. అక్కడ మురిగినవి ఇక్కడికొస్తాయి. పురుగుల బస్తాను పాతిపెట్టమని ఆవిడే నాతో అంది. నా ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నా."

"పిల్లల వాంతులు ఆ వీడియోకి వారం ముందే మొదలయ్యాయి" అంది అత్తగారు. "ఎవరో ఒకరు కారణం అడుగుతారు. వంటామె పాలు పారబోస్తుంటే ఈవిడ చూసింది. ఇవాళ పారబోసింది, రేపు నోరు విప్పుతుంది. విప్పేలోగా ఆ నోటికే బాణం గుచ్చేస్తే సరి! దొంగే ముందుగా దొంగా దొంగా అని అరిచింది. తన గదిలోని రికార్డింగు పట్టుకెళ్ళి కోయించి, తను నిలబడ్డ గుమ్మం మీద రాత వేయించుకుంది. పైగా, 'పాపం, రాజీనామా రాసిచ్చి వెళ్ళిపో' అని జాలి కూడా!"

"బడి పరువు కోసం..." అని మొదలుపెట్టింది పెద్ద టీచరమ్మ, అదే మెత్తటి గొంతుతో.

"నోర్ముయ్! నాకు పాలంటే అసహ్యమనుకున్నా ఇన్నాళ్ళూ. పురుగులున్నాయని తెలిసి, పసిపిల్లల చేతికి గ్లాసు అందించే చెయ్యి ఎలా ఉంటుందో ఇప్పుడు చూశా. దీని ముందు మీగడ ఎంత!"

గేటు దగ్గర వాంతుల రంగు వర్ణించిన తల్లి ఒక్క ఉదుటున లేచింది, చేతిలో ఫోనుతో. ముఖంలో మళ్ళీ అదే వెలుగు. "బాబూ, ఇప్పుడు ఈవిడ ముఖానికి బాణం పెట్టు! రాత్రికల్లా ఊరంతా పంపుదాం!"

"అవును, పెట్టు!" అన్నారు నలుగురు.

"థూ" అంది అత్తగారు. ఉమ్మలేదు, మాటే అంది. "ఇందాక ఛీ అన్న నోళ్ళేగా ఇవి? ఎంగిలి విస్తరి మారింది గానీ ఆకలి మారలేదు. కార్యదర్శిగారూ, పోలీసులను ఎలాగూ పిలిచారుగా, వాళ్ళ పని వాళ్ళు చేస్తారు. వీడియోబాబూ, కొయ్యనిది మొత్తం వెయ్యి. బాణం లేకుండా, రాత లేకుండా."

వేశాడు. వంటామె పాలు రుచి చూడడం, వెనక్కి గెంతి సింకులో ఉమ్మడం, నోరు పుక్కిలించడం, బరువైన గంగాళాన్ని ఒంటరిగా ఈడ్చుకెళ్ళి పారబోయడం, దాన్ని తోమడం, మళ్ళీ తోమడం. అది చాలా పొడుగ్గా ఉంది. ఎవరూ లేవలేదు. ఆమె కూతురు మాత్రం తలెత్తి చూసింది.

అయ్యాక కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, పొరపాటైంది. రేపటి నుంచి నువ్వు మామూలుగా..."

"మామూలుగా ఎలా వస్తానయ్యా?" అంది వంటామె. ఆ హాల్లో ఆమె గొంతెత్తడం అదే మొదలు. "మీ ఫోన్లలో నేనింకా ఉమ్ముతూనే ఉన్నా. రేపు వస్తా, పాలు కాస్తా. మొదటి గ్లాసులు పిల్లలకు కాదు, మీకు. నా పిల్ల చూస్తుండగా, నా చేత్తో పోసింది, మీరు తాగాలి."

*

మర్నాడు ఉదయం వంటగది ముందు పెద్దవాళ్ళు వరస కట్టారు. వరస కట్టారే గానీ ముందుకు అడుగు పడలేదు. నిజమేమిటో అందరికీ తెలుసు. గొంతుకే ఇంకా తెలియలేదు. కార్యదర్శి చెయ్యి రెండుసార్లు రుమాలు వైపు పోయి, సిగ్గుపడి వెనక్కొచ్చింది. వాంతుల తల్లి తన వెనకామెను ముందుకు తోస్తోంది. వంటామె చేతిలో గ్లాసు అలాగే చాచి ఉంది. గుమ్మం దగ్గర ఆమె కూతురు ఒక్కొక్కరి ముఖమే చూస్తోంది.

"తప్పుకోండి" అంటూ వరస చీల్చుకుని వచ్చింది అత్తగారు.

"అత్తయ్యా, మీరు పాలు..." అంది కోడలు.

ఆవిడ గ్లాసు అందుకుంది. పైన మందంగా మీగడ తేలుతోంది. ఒక్కసారి కళ్ళు మూసుకుని, గడగడా తాగేసింది. మూతి ముందుకు సాగింది, ముక్కు ముడుచుకుంది, కనుబొమలు కలిశాయి.

కోడలు ఉలిక్కిపడింది. అచ్చంగా అదే ముఖం. అక్కడ బొమ్మ ఆపి, పక్కనుంచి ఒక్క బాణం పంపిస్తే చాలు.

అత్తగారు మింగింది. ఖాళీ గ్లాసు బోర్లించి, చుక్క కారకపోవడం అందరికీ చూపించింది. తర్వాత వంటామె కూతురి వైపు తిరిగి, "మీ అమ్మ చెయ్యి మంచిదే. పాలే దరిద్రం" అంది.

పిల్ల కిసుక్కున నవ్వింది. కార్యదర్శి రుమాలు జేబులో కుక్కుకుని, గ్లాసు కోసం చెయ్యి చాచాడు.